మార్క్ బోలన్ పాటల్లో మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? (టి. రెక్స్, 1970–73)

మూడోతీగ:
1970ల తొలినాళ్ల బ్రిటిష్ గ్లామ్ రాక్ అనగానే మెరుపుల బట్టలు, కళ్ల కింద తళుకులు, ఎత్తు మడమల బూట్ల దగ్గరే చర్చ ఆగిపోతుంది. పాట రాసినవాడి పని ఎవరూ విప్పి చూడరు. టి. రెక్స్ బ్యాండు నడిపిన బ్రిటిష్ గాయకుడు, పాటల రచయిత బోలన్ విషయంలో ఇది మరీ ఎక్కువ. "అర్థం పర్థం లేని మాటలు, మంచి రిఫ్ (గిటారు మీద పదేపదే వచ్చే చిన్న స్వరవరస)" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాట తప్పని నా వాదన. ఆయన రెండు వేర్వేరు గనుల నుంచి మాటలు తవ్వి ఒకే మూసలో పోశాడు. ఒకటి 1967–69 మధ్య టైరనోసారస్ రెక్స్ (బ్యాండు పాత పేరు) రోజుల్లో పోగుచేసుకున్న మాంత్రికులు, డ్రూయిడ్లు (పురాతన కెల్టిక్ పూజారులు), పురాణ జంతువుల లోకం. రెండోది 1950ల అమెరికన్ రాక్ అండ్ రోల్: కార్లు, బేబీ, డాన్స్. ఆ మూస పేరు బ్లూస్, అమెరికా నల్లజాతివారి పాటల పద్ధతి.

'రైడ్ ఎ వైట్ స్వాన్' (అక్టోబరు 1970) చూడండి. బ్యాండు పేరు టి. రెక్స్‌గా కుదించాక వచ్చిన మొదటి సింగిల్ ఇదే, 1971 జనవరిలో బ్రిటన్‌లో 2వ స్థానం దాకా వెళ్లింది. చరణాలన్నీ దాదాపు ఆజ్ఞలే: హంసనెక్కు, పొడుగు టోపీ పెట్టుకో, నక్షత్రాన్ని పట్టి నుదుట పెట్టుకో, నల్లపిల్లిని భుజాన కూర్చోబెట్టుకో. బెల్టేన్ పేరు కూడా వస్తుంది, అది మే 1న మంటలు వేసి చేసుకునే కెల్టిక్ పండుగ. మంత్రాలు చదవమన్న పాదం మాత్రం "బేబీ, దేర్ యు గో" అని ముగుస్తుంది. అర పాదం మంత్రగాడిది, అర పాదం డాన్స్ హాలు కుర్రాడిది. తర్వాతి మూడేళ్ల పాటలన్నీ ఈ అతుకు మీదే నిలబడ్డాయి.

మొదటి చరణంలో 2, 4 పాదాలు ఒకటే కావడం కూడా గమనించండి. చెప్పిన పాదాన్నే మళ్లీ చెప్పడం బ్లూస్ అలవాటు. డ్రూయిడ్ల కథ జానపద గీతంలా సాగకుండా కాలు కదిపించేది అదే.

పాత రికార్డు:
బాగా మొదలుపెట్టారు. మొదటి గని గురించి కొంచెం చేర్చాలి. 1968లో వచ్చిన తొలి ఆల్బమ్‌ను నార్నియా కథల్లోని సింహం అస్లాన్‌కు అంకితం ఇచ్చారు. బాంగోలు వాయించిన స్టీవ్ పెరెగ్రిన్ టుక్ తన పేరులోని 'పెరెగ్రిన్ టుక్'ను 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రచయిత టోల్కీన్ పాత్ర నుంచే తీసుకున్నాడు. 1969లో బోలన్ 'ది వార్‌లాక్ ఆఫ్ లవ్' అనే కవితల పుస్తకం కూడా వేశాడు. కాబట్టి హైడ్రాలూ (గ్రీకు పురాణాల్లోని అనేక తలల పాములు) మాంత్రికులూ పాప్ స్టార్ అయ్యాక అలంకారానికి తెచ్చి అతికించినవి కావు.

మన దేశానికి సంబంధించిన ముక్క కూడా ఒకటుంది. 1967లో బోలన్ జాన్స్ చిల్డ్రన్ అనే గోలగోల బ్యాండులో ఉన్నాడు. జర్మనీలో ద హూ బ్యాండుతో చేసిన పర్యటన రభసగా ముగిసింది. ఇంటికి తిరిగివెళ్లే దారిలో లక్సెంబర్గ్‌లో రవిశంకర్ కచేరీ చూశారనీ, తివాచీ మీద బాసిపట్టు వేసుకుని వాయించే ఆ తీరే బోలన్‌కు కొత్త దారి చూపిందనీ అప్పటి మేనేజర్ సైమన్ నేపియర్-బెల్ చెబుతాడు. టైరనోసారస్ రెక్స్‌లో ఇద్దరే నేల మీద కూర్చుని ఒక అకూస్టిక్ గిటారు, బాంగోలతో పాడేవారు. రవిశంకర్ నుంచి రాగం రాలేదు, కూర్చునే పద్ధతి, తక్కువ వాద్యాలు చాలన్న ధైర్యం వచ్చాయి.

డప్పుశబ్దం:
రెండో గని దగ్గర పేర్లు కచ్చితంగా చెప్పుకుందాం. 'రైడ్ ఎ వైట్ స్వాన్' సింగిల్ రెండోవైపు 1950ల అమెరికన్ గాయకుడు ఎడ్డీ కాక్రన్ పాట 'సమ్మర్‌టైమ్ బ్లూస్' ఉంది. బోలన్ మూలాలు రికార్డు వెనకవైపే అచ్చయి ఉన్నాయన్నమాట.

'గెట్ ఇట్ ఆన్' (1971) చివర గొంతు సన్నగిల్లిపోతున్నప్పుడు ఒక మాట వినిపిస్తుంది, "మీన్‌వైల్, ఐయామ్ స్టిల్ థింకింగ్" అని. అది 1950ల రాక్ అండ్ రోల్ గాయకుడు చక్ బెర్రీ 'లిటిల్ క్వీనీ'లోది. అప్పు తీసుకున్న చోట సంతకం పెట్టి వెళ్లాడు. (అమెరికాలో చేజ్ అనే బ్యాండుకు అప్పటికే అదే పేరుతో పాట ఉండటం వల్ల అక్కడ 'బ్యాంగ్ ఎ గాంగ్' అని పేరు మార్చి వేశారు.)

'జీప్‌స్టర్'ది ఇంకా పెద్ద అప్పు. అమెరికన్ బ్లూస్ గాయకుడు హౌలిన్ ఉల్ఫ్ పాడిన 'యు విల్ బి మైన్', విల్లీ డిక్సన్ రచన. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. మొదటి పాదం మొదటి సగం, "ఎంత తీయగున్నావు, ఎంత బాగున్నావు" అన్నది, దాదాపు యథాతథం. గిటారు నడక కూడా దగ్గరి చుట్టమే.

ప్రాసాక్షరం:
అప్పు ఎంత అన్నదాని కన్నా తెచ్చినదాన్ని ఎక్కడికి తీసుకెళ్లాడన్నది ముఖ్యం. 'యు విల్ బి మైన్' నేరుగా ప్రేమ అడిగే పాట. బోలన్ ఆ మొదటి పాదం దాటగానే విశ్వం ఆమె జుట్టులో మేను వాల్చి ఉందంటాడు. తర్వాత ఆమెను కారుతో పోల్చి, "సాహసం అనుకోకపోతే నిన్ను జాగ్వార్ అని పిలుస్తాను" అని అనుమతి అడుగుతాడు.

ఈ మర్యాద ఆయన పాటల్లో ముందే ఉంది. కొన్ని నెలల ముందొచ్చిన 'హాట్ లవ్' మొదటి చరణం చూడండి. ఒక పాదం, మళ్లీ అదే పాదం, మూడో పాదంలో జవాబు. ఇది పక్కా బ్లూస్ చరణం. ఆ మూడో పాదంలో "తెగువ అనుకోకపోతే నీ చెయ్యి పట్టుకోనా" అంటాడు. రెండు పాటల్లోనూ అంత్యప్రాస పడేది 'బోల్డ్' అన్న మాట మీదే: అక్కడ గోల్డ్, ఓల్డ్, బోల్డ్, ఇక్కడ బిహోల్డ్, బోల్డ్. బ్లూస్ గాయకుడి డాంబికం తీసేసి ఆ చోట పాతకాలపు సభామర్యాద పెట్టాడు. ఆ బ్లూస్ మూసలో ఇంత వినయంగా మాట్లాడినవాళ్లు తక్కువ. గ్లామ్‌లోని సుకుమారం బట్టల కన్నా ముందు ఈ పాదాల్లో కనిపిస్తుందని నా అభిప్రాయం.

'హాట్ లవ్'లోనే ఇంకో పాదం ఉంది: ఆమె మంత్రగత్తె కాదు అంటాడు. 'విచ్', 'ట్విచ్' అని ప్రాస. నాలుగేళ్లు మంత్రగత్తెల గురించి రాసినవాడు తొలిసారి బ్రిటన్‌లో 1వ స్థానానికి చేరిన పాటలో ఆ మాట అనడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు.

తంత్రి:
ఈ పాటలు వాయించాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. ఇంటర్నెట్‌లో దొరికే ట్యాబ్‌లలో (ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో చూపే రాతల్లో) తప్పులు చాలా ఉన్నాయి.

'రైడ్ ఎ వైట్ స్వాన్': కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు) 4వ ఫ్రెట్ మీద పెట్టి ఇ కార్డు ఆకారాలు వాయించాలి. వినపడే శ్రుతి జి షార్ప్ అవుతుంది. కాపో లేకుండా జి షార్ప్‌లో బారే కార్డులు (ఒక వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేవి) పట్టుకుంటే ఆ గలగల రాదు. ఓపెన్ తీగలు మోగాలి, అందుకే కాపో. డ్రమ్స్ లేవు, తాళం మొత్తం చప్పట్లు, టాంబురిన్ మీద నడుస్తుంది. డ్రమ్ సెట్ పెట్టి వాయిస్తే పాట బరువెక్కి హంస నేలకు దిగిపోతుంది.

'గెట్ ఇట్ ఆన్': ఇ శ్రుతి. కుడిచేతి కింద నడిచేది చక్ బెర్రీ బూగీ. 6వ తీగ ఓపెన్‌గా ఉంచి, 5వ తీగ మీద 2వ ఫ్రెట్, 4వ ఫ్రెట్ మార్చి మార్చి నొక్కాలి. అంటే మూలస్వరం–పంచమం, మూలస్వరం–ఆరో స్వరం. తీగల మీద అరచేతి అంచు తేలిగ్గా ఆనించాలి, గట్టిగా నొక్కితే టక్ టక్‌మని చచ్చిపోతుంది. పల్లవిలో మూలస్వరాలు జి, ఎ, ఇ. అక్కడ పూర్తి కార్డులు పట్టకండి. మూలస్వరం, పంచమం చాలు. మేజరా మైనరా అని గొంతుతో పేచీ రాదు.

ఎక్కువమంది చేసే పొరపాటు వేగం. నిమిషానికి 125 బీట్ల దరిదాపుల్లో ఉంచండి. 135 దాటితే పంక్ అయిపోతుంది. రెండో పొరపాటు షఫుల్ (ఊగుతూ నడిచే లయ) ఎక్కువ చేయడం. పూర్తి ఊపు ఇస్తే పబ్బులో వాయించే బ్లూస్, పూర్తిగా సమానం చేస్తే కవాతు. టి. రెక్స్ డ్రమ్మర్ బిల్ లెజెండ్ వాయింపు ఈ రెంటికీ నడుమ, బీటుకు వెంట్రుకవాసి వెనక కూర్చుంటుంది. మెట్రోనోమ్ పెట్టి సాధన చేసేవాళ్లు దాన్ని 2, 4 దెబ్బల మీద మాత్రమే మోగేలా పెట్టుకుంటే ఆ జాగా దొరుకుతుంది.

రికార్డుతో కలిసి వాయించే ముందు ట్యూనర్‌తో ఒకసారి సరిచూసుకోండి. పాత టేపు రికార్డింగుల్లో శ్రుతి కొద్దిగా అటూ ఇటూ ఉండొచ్చు.

పల్లవి_చరణం:
తంత్రి గారూ, గొంతు మీద ఆ మెరుపు ఎలా వస్తుంది? మామూలు రివెర్బ్ పెడితే గుహలో పాడినట్టుంది.

తంత్రి:
రివెర్బ్ కాదండీ, టేప్ ఎకో. 1950ల రాకబిల్లీ పద్ధతి. టేప్ మెషీన్‌లో రికార్డు హెడ్‌కూ ప్లే హెడ్‌కూ మధ్య దూరం వల్ల వచ్చే ఆలస్యం అది. ఆ దూరం సుమారు 2 అంగుళాలనుకుంటే, టేపు సెకనుకు 15 అంగుళాల వేగంతో నడిచినప్పుడు ఆలస్యం దాదాపు 133 మిల్లీసెకన్లు. కంప్యూటర్‌లో చేసేటప్పుడు డిలే 90–140 మిల్లీసెకన్ల మధ్య, ఫీడ్‌బ్యాక్ సున్నా, అంటే ఒక్కసారే ప్రతిధ్వని. ఆ ప్రతిధ్వనిలో 4 కిలోహెర్ట్జ్ పైన కోసేయండి, లేకపోతే స, ష అక్షరాలు రెండుసార్లు బుసకొడతాయి. తర్వాత అదే పాదాన్ని రెండోసారి పాడి కింద కలపండి. కాపీ పేస్ట్ చేస్తే పని చేయదు. రెండు గొంతుల మధ్య చిన్న తేడాలే ఆ మెరుపు.

మూడోతీగ:
శబ్దం సంగతి వచ్చింది కాబట్టి టోనీ విస్కోంటిని పక్కన పెట్టి ఈ మాటల గురించి మాట్లాడలేం. బ్రూక్లిన్ నుంచి లండన్ వచ్చిన ఈ నిర్మాతే తీగవాద్యాల అమరిక రాసేవాడు. 'గెట్ ఇట్ ఆన్'లో వయొలిన్లు, చెల్లోలు చరణాల్లో ఉండవు, పల్లవి మూలస్వరాలను పట్టుకోవడమే వాటి పని. 'చిల్డ్రన్ ఆఫ్ ది రెవల్యూషన్' (1972)లో తీగవాద్యాలు గిటారు రిఫ్‌నే వాయిస్తాయి. అంత బరువు రావడానికి కారణం అదే, గిటారు డిస్టార్షన్ పెంచినందువల్ల కాదు. 'గెట్ ఇట్ ఆన్' లాంటి పాటల్లో పైన వినిపించేవి హోవార్డ్ కేలన్, మార్క్ వోల్‌మన్‌ల సన్నగొంతులు. అమెరికన్ బ్యాండు టర్టిల్స్‌లో పాడినవాళ్లు.

'హబ్‌క్యాప్ డైమండ్ స్టార్ హేలో' పదబంధం గురించి ఎవరైనా రాస్తారని చూస్తున్నాను. ఈ చర్చకు గుండెకాయ అదే.

ప్రాసాక్షరం:
'గెట్ ఇట్ ఆన్'లో ఆ పాదం. నాలుగు నామవాచకాలు, మధ్యలో విభక్తి లేదు, క్రియ లేదు. కారు చక్రం మూత, వజ్రం, నక్షత్రం, దేవతామూర్తి తల వెనక ప్రభ. నాలుగూ మెరిసేవే. మొదటిదీ చివరిదీ గుండ్రనివి. చక్రం మూత తీసి ఆమె తల వెనక పెడితే చర్చి బొమ్మలో పునీతురాలి ప్రభ అవుతుంది. మూడోతీగ గారు చెప్పిన రెండు గనులూ నాలుగు మాటల్లో కలిశాయి. అదే పాటలో హైడ్రా పళ్లున్నాయి, గద్దలు నిండిన అంగీ ఉంది, 'కారులా ఉన్నావు' అన్న పొగడ్త ఉంది.

లయ పరంగా: హబ్, డై, స్టార్, హే. నాలుగు ఊనికలు, నాలుగింటి మధ్యా దాదాపు సమాన దూరం. అర్థం తెలియని శ్రోతకు కూడా అది డ్రమ్ముల్లా తగులుతుంది. మాటల్ని ముందు వాద్యంగా ఎంచుకుని ఆ తర్వాత బొమ్మ కుదిరేలా చూసుకున్నాడనిపిస్తుంది. అర్థం లేదనే విమర్శ ఇక్కడే గురి తప్పుతుంది. బొమ్మ ఉంది, వాక్యం లేదు.

ఒక్క మాట. పాటల్లో ఇన్ని కార్లు నింపిన మనిషికి డ్రైవింగ్ రాదు, నేర్చుకోలేదు. 1977 సెప్టెంబరు 16న లండన్ బార్న్స్‌లో కారు ప్రమాదంలో చనిపోయినప్పుడు పక్కసీట్లో ఉన్నాడు. 30 ఏళ్లు నిండటానికి ఇంకా రెండు వారాలు. ఆ పాటల్లో కారు నడిపే వస్తువుగా కన్నా చూసి మురిసే వస్తువుగానే ఎక్కువగా వస్తుంది.

పాత రికార్డు:
'జీప్‌స్టర్' కూడా నిజంగా ఉన్న బండి పేరే. విల్లీస్-ఓవర్‌లాండ్ 1948–50 మధ్య ఆ పేరుతో ఒక మోడల్ తయారుచేసింది.

అమెరికన్ గాయకుడు, పాటల రచయిత బాబ్ డిలన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. 'టెలిగ్రామ్ శామ్' (జనవరి 1972) వినండి: గోల్డెన్ నోస్ స్లిమ్, పర్పుల్ పై పీట్, జంగిల్ ఫేస్డ్ జేక్. వింత పేర్ల మనుషుల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కరికీ ఒకటి రెండు పాదాలు ఇవ్వడం 1965 నాటి డిలన్ పద్ధతి. తేడా ఏమిటంటే డిలన్ దగ్గర ఆ మనుషులు ఏదో ఒకటి చేస్తారు, బోలన్ దగ్గర వాళ్ల పేరు, వేషం, అంతే.

'ది స్లైడర్' ఆల్బమ్‌లోని 'బాల్‌రూమ్స్ ఆఫ్ మార్స్' మూలాల సంగతి తనే చెప్పేస్తుంది. ఆ పాటలో మూడు పేర్లు వస్తాయి: జాన్ లెనన్, బాబ్ డిలన్, అలన్ ఫ్రీడ్. మూడోవాడు 1950ల్లో రాక్ అండ్ రోల్ అన్న మాటను రేడియోలో జనంలోకి తీసుకెళ్లిన అమెరికన్ డీజే. ఒక పాటల రచయిత తన వంశవృక్షాన్ని ఒకే పాటలో ఇచ్చాడు.

డప్పుశబ్దం:
డిలన్ ప్రభావం ఉందని ఒప్పుకుంటాను కానీ దాన్ని ఎక్కువ చేయొద్దు. డిలన్ పాటలో మాటలు బాణీని తోసుకుంటూ వెళ్తాయి, బోలన్ పాటలో మాటలు బాణీకి లొంగి ఉంటాయి. '20త్ సెంచురీ బాయ్' (1973) వినండి. పిల్లిలా కదులుతాను, పొట్టేలులా దూకుతాను, తేనెటీగలా కుడతాను అంటాడు. చివరిది ముహమ్మద్ అలీ మాట. కవిత్వం కన్నా బాక్సింగ్ రింగు దగ్గరుంది. టోక్యోలో రికార్డు చేసిన పాట అది. రిఫ్ మొదలయ్యే ఆ ఒక్క ఇ కార్డు దెబ్బకే సగం అర్థం చెప్పేస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. 1973 తర్వాత ఈ పద్ధతి అరిగిపోయింది. అమెరికన్ గాయని గ్లోరియా జోన్స్ బ్యాండులోకి వచ్చాక సోల్, ఫంక్ రంగులు చేరాయి, నేపథ్య స్త్రీ గొంతులు బాగున్నాయి. కానీ మాటల గనిలో కొత్త ముడిసరుకు లేదు. అవే కార్లు, అవే పేర్లు, అదే పొగడ్త. ప్రాస కోసం ప్రాస. 1973 నవంబరు నాటి 'ట్రక్ ఆన్ (టైక్)'లో 'హాట్ లవ్' మూడో పాదం లాంటి మలుపు ఒక్కటి చూపించండి.

మూడోతీగ:
'ట్రక్ ఆన్' విషయంలో మీతో ఏకీభవిస్తాను. 'జింక్ అల్లాయ్' ఆల్బమ్ (1974)ను మాత్రం ఆ గాటన కట్టలేను. అందులో వాక్యాలు పొడుగయ్యాయి, బ్లూస్ మూస పగిలింది. పాటగా నిలబడకపోయినా చేతులు ముడుచుకుని కూర్చున్నవాడి పని కాదది.

డప్పుశబ్దం:
మూస పగలడమే సమస్య అంటాను. ఆ మాటలకు బలం ఇచ్చింది బ్లూస్ చరణానికి ఉండే 12 బార్ల ఇరుకే.

పల్లవి_చరణం:
'కాస్మిక్ డాన్సర్' గురించి ఒక ప్రశ్న. మీరు చెప్పిన కార్లు, డ్రూయిడ్లు అందులో ఏవీ లేవు. అది ఏ గనిలోది? చివర వచ్చే వెనక్కి నడిచే గిటారు ఎలా చేస్తారు?

ప్రాసాక్షరం:
అది మూడో దారి. మాటలు పసిపిల్లలు మాట్లాడేంత చిన్నవి. నాట్యం చేస్తూ గర్భంలోంచి బయటకొచ్చాను, నాట్యం చేస్తూ సమాధిలోకి వెళ్లాను అంటాడు, 'ఊంబ్', 'టూంబ్' ప్రాస. మధ్యలో సందేహంగా ప్రశ్నలు. జన్మ, చావు, మళ్లీ నాట్యం అన్న వలయం. అలంకారాలన్నీ తీసేసినా ఆయన రాయగలడనడానికి ఇదే రుజువు.

తంత్రి:
గిటారు సంగతి. టేపును తిరగేసి పెట్టి, వెనక్కి నడుస్తున్న పాట మీద సోలో వాయించి, మళ్లీ టేపును మామూలుగా తిప్పుతారు. కంప్యూటర్‌లో అయితే పాట మొత్తాన్ని రివర్స్ చేసి కొత్త ట్రాక్‌లో సోలో రికార్డు చేయండి, ఆ తర్వాత రెంటినీ రివర్స్ చేయండి.

తప్పులు జరిగేది మూడు చోట్ల. కార్డుల వరస తిరగబడుతుంది కాబట్టి ముందే కాగితం మీద చివరినుంచి మొదటికి రాసుకోవాలి. స్వరం పుట్టే దెబ్బ చివరకు వస్తుంది కాబట్టి చిన్న స్వరాలు వాయిస్తే వెక్కిళ్లలా వినపడతాయి, కనీసం రెండు బీట్ల పొడుగు స్వరాలు కావాలి. బార్ మొదటి బీటు మీద మీటిన స్వరం తిప్పాక సరిగ్గా మరో బార్ మొదలయ్యే చోట తెగిపోవాలి. ఒక పదోవంతు సెకను అటూ ఇటూ అయినా వాక్యం కుంటుతుంది.

పల్లవి_చరణం:
చివరిగా ఇంకొకటి. ఇలాంటి బాణీకి తెలుగులో మాటలు రాస్తే ఎందుకు సాగిపోయి చతికిలపడతాయి?

ప్రాసాక్షరం:
మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. గిటారు దెబ్బ ఆగినచోట మాట ఆగదు, సాగుతుంది. దానికి విరుగుడు ద్విత్వాక్షరాలు. చుక్క, రెక్క, గుర్రం, చొక్కా లాంటి మాటల్లో గొంతు ఒక్క క్షణం మూసుకుంటుంది, అదే స్నేర్ డ్రమ్ము దెబ్బ. విభక్తులు, క్రియలు తీసేసి నామవాచకాల్ని పేర్చండి. ఉదాహరణకి: "చుక్క చొక్కా, రెక్క గుర్రం."

ఇక్కడో చిక్కు వస్తుంది. మాత్రలు లెక్కపెడితే 3, 4, 3, 4. ఉన్నదున్నట్టు చదివితే మిశ్రగతి, అంటే ఏడు. 4/4 రిఫ్ మీద అది జారిపోతుంది. 'చుక్క', 'రెక్క' తర్వాత ఒక్కో మాత్ర ఖాళీ వదిలితే 4, 4, 4, 4 అయి చతురశ్రంలో కూర్చుంటుంది. ఆ ఖాళీని గొంతుతో సాగదీసి నింపకండి, అక్కడ చప్పట్లు పెట్టండి. 'రైడ్ ఎ వైట్ స్వాన్'లో చప్పట్లు పాదాల మధ్య ఏయే చోట పడుతున్నాయో ముందు వేళ్ల మీద లెక్కపెట్టుకుని ఆ తర్వాత రాయడం మొదలుపెట్టండి.